మూల సీటు లైను

మల్లేశ్వర్ పిలిపించింది కంప్యూటర్ బాగుచేయించడానికి కాదు, అది బాగానే ఉందని రాయించుకోవడానికి. ఇనుప మెట్లు ఎక్కుతుండగానే వీరేందర్‌కు ఆ సంగతి అర్థమైంది.

"పెద్ద పనేం లేదు. జర కూసోని రెండు మూడు టెస్టులు చెయ్యి. మిషన్ మంచిగున్నది, లైన్ మంచిగున్నది అని ఓ కాయితం రాసియ్యి. బొంబాయి ఆఫీసుకు పంపాలె," అన్నాడు మల్లేశ్వర్, ముందు నడుస్తూ.

ఆయన అక్కడ మేనేజరు. ఎయిర్‌పోర్టు కార్గో గేటుకు పోయే రోడ్డు మీద ఉన్న రేకుల గోదాము అది. లోపల సగం ఎత్తున, ఇనుప దూలాల మీద ఆఫీసు గది కట్టారు. కింద మందుల డబ్బాలు, పూల పెట్టెలు, యంత్రాల విడిభాగాలు లారీల్లోంచి దిగుతుంటాయి. పైన పన్నెండు మంది పన్నెండు కంప్యూటర్ల ముందు కూర్చుని, విమానమెక్కే ప్రతి సరుకుకూ బిల్లు కొడుతుంటారు. ఎవరు ఎన్ని కొట్టారో గోడకున్న టీవీలో గంటగంటకూ కనబడుతుంది. ఆ సోమవారం పొద్దున పదకొండు పేర్లు ఆకుపచ్చగా ఉన్నాయి. అడుగున ఒక్క పేరు ఎర్రగా ఉంది. స్వరాజ్యం.

ఆమె సీటు అందరికీ దూరంగా, లారీలు ఆగే వైపు మూలన ఉంది. యాభై దాటిన మనిషి. నెరిసిన జుట్టును గట్టిగా ముడేసుకుంది. మెడలోని గుర్తింపు కార్డు ఊగి కీబోర్డుకు తగలకుండా కొంగు కిందికి దోపుకుంది. వీరేందర్ ఆమె వెనక నిలబడి మొదట చూసింది తెరను కాదు, చేతులను. అవి కీబోర్డుకు బెత్తెడు పైన, వేళ్లు వంచి, గాలిలో ఆగి ఉన్నాయి. తెర మీద చిన్న సున్నా తిరుగుతోంది. అది ఆగీ ఆగగానే చేతులు దిగాయి. పంపేవాళ్ల పేరు, అందుకునేవాళ్ల పేరు, పెట్టెలెన్ని, బరువెంత, అంతా కాగితం మీంచి చూపు తిప్పకుండా ఒక్క ఊపులో కొట్టేసింది. తెర మీద ఇంకా ఏమీ రాలేదు. కొట్టడం అయిపోయిన కాసేపటికి అక్షరాలు ఒకటొకటిగా, బద్ధకంగా వచ్చి నిలబడ్డాయి. మళ్లీ సున్నా. మళ్లీ చేతులు గాలిలో.

"చూడు తమ్మీ. నేను కొట్టుడు అయిపాయె. గిది ఇంక తిరుగుతనే ఉన్నది," అంది స్వరాజ్యం.

"మిగిలిన పదకొండు మందికి తిరుగది. గీమెకొక్కదానికే తిరుగుతది. మూడు నెలల సంది ఇదే ముచ్చట," అన్నాడు మల్లేశ్వర్.

ఆమె వెనక్కి తిరగలేదు. కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుని వీరేందర్‌కు చోటిచ్చింది.

ఎక్కడైనా చేసే పనులే వీరేందర్ ఇక్కడా చేశాడు. మెమరీ చూశాడు, డిస్కు చూశాడు, వెనక దాక్కొని పనిచేసే ప్రోగ్రాములేమైనా ఉన్నాయేమో చూశాడు. ఏమీ లేవు. మిషన్ కొత్తదే. బిల్లుల సాఫ్ట్‌వేర్ ఉండేది బొంబాయి కంప్యూటర్లో కాబట్టి, ఇక్కడ కొట్టిన ప్రతి అక్షరమూ అక్కడికి పోయి రావాలి. అందుకని లైను చూడాలి. గోడ దగ్గర ఈ కొసకు టెస్టర్ సగం ముక్క తగిలించి, ఆ కొసన, లైన్లన్నీ కలిసే స్విచ్ ఉన్న గదిలో రెండో సగం తగిలించాడు. కేబుల్ లోపల ఎనిమిది తీగలుంటాయి. ఎక్కడా తెగకపోతే టెస్టర్ మీద ఎనిమిది లైట్లు వరసగా వెలుగుతాయి. ఎనిమిదీ వెలిగాయి. బొంబాయి కంప్యూటర్‌ను నాలుగుసార్లు పలకరిస్తే నాలుగుసార్లూ జవాబిచ్చింది.

ఇక స్పీడు. మొదటిసారి ఆరు ఎంబీపీఎస్ వచ్చింది. రెండోసారి పదకొండు. మూడోసారి నలభై ఎనిమిది. పక్క సీటులో తొంభై దాటుతోంది.

రిపోర్టు కాగితంలో స్పీడు రాయడానికి ఒక్క గడే ఉంది. మల్లేశ్వర్ చేతిలో పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. వీరేందర్ తర్వాత వెళ్లాల్సిన అత్తాపూర్‌లోని పళ్ల డాక్టరు క్లినిక్ నుంచి అప్పటికి రెండోసారి ఫోను మోగుతోంది. వీరేందర్ ఆ గడిలో నలభై ఎనిమిది అని రాసి, కింద ‘మిషన్, లైన్ బాగున్నవి’ అని రాసి సంతకం పెట్టాడు. ఆ సంతకం కింద మల్లేశ్వర్ తనదీ పెట్టుకున్నాడు.

"ఏమన్న దొరికిందా తమ్మీ?" అని అడిగింది స్వరాజ్యం, వీరేందర్ సంచి జిప్పు లాగుతుంటే.

"లైన్ల ఏం లేదక్కా. అన్ని లైట్లు ఎలిగినయి."

ఆమె తన వేళ్ల వైపు చూసుకుంది. కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో ఒక్కొక్కటే పట్టి మెల్లగా లాగింది.

"అయితె నాదే ఉన్నట్టున్నది," అంది. ఆ మాట వీరేందర్‌తో అన్నది కాదు.

*

బుధవారం పొద్దున అదే ఆఫీసు నుంచి మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి మల్లేశ్వర్ గొంతులో తొందర ఉంది. మూల సీటు కంప్యూటర్ మొరాయిస్తోంది, వెంటనే రమ్మన్నాడు.

సీటులో స్వరాజ్యం లేదు. ఇరవై రెండేళ్ల పిల్ల కూర్చుని ఉంది. పేరు సంతోషి అని, మైలార్‌దేవ్‌పల్లి నుంచి వస్తానని తనే చెప్పింది. చేరి ఒక్కరోజే అయిందట.

"అక్షరాలు వస్తలేవన్నా. ఒకసారి కొడితె రాలేదని మల్లొకసారి కొట్టిన. రెండుసార్లు పడ్డది. నిన్న నాలుగు బిల్లులు తప్పువోయినయి," అంది.

"అక్క ఏది? స్వరాజ్యమక్క?"

సంతోషి మేనేజరు గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నిన్న పొద్దున తీసేసిన్రట. మిషన్ మంచిగనే ఉన్నదని ఎవరో రాసిచ్చిన్రట గదా, గా కాయితం జూపిచ్చిన్రట."

ఎవరో కాదని ఆ పిల్లకు తెలియదు. వీరేందర్ సంచి కింద పెట్టి, చాలాసేపు అందులోనే చెయ్యి పెట్టి ఏదో వెతుకుతున్నట్టు కూర్చున్నాడు.

మూడు నెలలు ఒకామె మొత్తుకుంటే అది వయసు. ఒక్కరోజు ఈ పిల్ల చెబితే అది మిషను. మల్లేశ్వర్ వచ్చి, "కొత్త పోరి, షార్పున్నది. ఈమె జెప్తుందంటె ఏదో ఉంటది. మంచిగ చూడు," అని చెప్పి వెళ్లాడు.

ఈసారి వీరేందర్ మంచిగానే చూశాడు. కంప్యూటర్ నుంచి గోడ దాకా ఉన్న చిన్న వైరు మార్చాడు. తేడా లేదు. కంప్యూటర్ పక్కకు పెట్టి తన లాప్‌టాప్ తగిలించాడు. అదీ తడబడింది. అంటే మిషన్‌ది కాదు. స్విచ్ దగ్గరికి వెళ్లి వేరే రంధ్రంలో గుచ్చి చూశాడు. అదే తీరు. స్విచ్‌ది కూడా కాదు. లైనులో సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా పోతుంది; వాటిలో దారిలో చెడిపోయినవెన్నో చూపే లెక్కను లాప్‌టాప్‌లో తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. తను చూస్తుండగానే ఆ అంకె వందలు దాటి వేలలోకి పోయింది. అప్పుడు లైను వేగాన్ని కావాలనే అన్నిటికన్నా తక్కువకు దించాడు. అంకె కదలడం ఆగిపోయింది. నిదానంగా పంపితే చేరుతోంది, వేగంగా పంపితే దారిలోనే చెడిపోతోంది. ఎనిమిది తీగలూ తెగకుండా ఉన్న కేబుల్‌లో అలా ఎందుకవుతుందో ఈ పనిలో ఉన్నవాడికి తెలియాలి. వీరేందర్‌కు తెలుసు. తెలుసు కాబట్టే గోడకున్న డబ్బా మూత విప్పడానికి ఒక నిమిషం ఆలస్యం చేశాడు.

రెండు మరలు విప్పి మూత తీశాడు. లోపల నల్లటి కేబుల్ చుట్టూ తెల్ల టేపు, టేపు మీద బాల్‌పెన్నుతో ‘కూలీల హాజరు’ అని, కింద ఆరేళ్ల కిందటి తారీకు. ఆ అక్షరాలు తనవే.

అన్నీ గుర్తొచ్చాయి. అప్పుడు ఈ మూలన కూలీలు వేలిముద్ర వేసే హాజరు మిషను ఉండేది. స్విచ్ గది నుంచి ఇక్కడికి సీలింగు మీదుగా డెబ్భై మీటర్లు లాగింది తనే. పనిలో చేరిన మొదటి ఏడు. రెండు కొసల్లోనూ తీగలు ఒకే వరసలో ఉంటే చాలని, తను పనిచేసే కంప్యూటర్ షాపు ఓనరు రాఘవేందర్ నేర్పాడు. అదే నమ్మి రంగు పక్కన రంగు పేర్చుకుంటూ పోయాడు. కానీ కేబుల్ లోపల తీగలు జంటలుగా, పురి పెట్టి ఉంటాయి. ఒక మాట పోవాలంటే ఒకే జంటలోని రెండు తీగలూ కలిసి మోయాలి. అందుకే కొసన ఆకుపచ్చ జంటను కొంచెం ఎడం చేసి, నీలం జంటను దాని మధ్యలో పెట్టాలి. తను పేర్చినట్టు పేరిస్తే ఒక జంటలోంచి ఒకటి, ఇంకో జంటలోంచి ఒకటి కలిసి ఆ మాటను మోస్తాయి. టెస్టర్‌కు అది తెలియదు. దానికి తెగలేదన్నదొక్కటే కావాలి. తక్కువ దూరాలకు అలా పేర్చినా నడిచిపోతుంది. రోజుకు రెండుసార్లు వేలిముద్రలు పంపే హాజరు మిషనుకూ నడిచిపోయింది. ఎండాకాలంలో సీట్లు మార్చినప్పుడు ఆ మిషను తీసేసి, అదే లైనుకు స్వరాజ్యం కంప్యూటర్ తగిలించారు.

ఈ తప్పు సంగతి, పనిలో చేరిన రెండో ఏడే ఇంకో సైటులో ఒక పాత మెకానిక్ వీరేందర్‌కు చెప్పాడు. ఆ రోజున తను వేసిన పాత లైన్లన్నీ కళ్ల ముందు తిరిగాయి. వెళ్లి మార్చాలనిపించింది కూడా. ఎవరూ ఫిర్యాదు చేయనిదాన్ని వెళ్లి కదిలించడమెందుకని ఊరుకున్నాడు.

సంచిలో కొత్త కనెక్టర్లున్నాయి, తీగలు నొక్కే టూలుంది. రెండు కొసలూ కోసి, సరైన వరసలో పేర్చి నొక్కితే అరగంట పని. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. టూలు చేతిలోకి తీసుకున్నాక వీరేందర్‌కు ఇంకొకటి తట్టింది. ఇప్పుడు బాగుచేస్తే ఈ పిల్ల వేగం అందుకుంటుంది. టీవీలో ఈమె పేరు పైకి పోతుంది. నిన్నటి దాకా అదే సీటు, అదే మిషను. మారింది మనిషి ఒక్కతే. స్వరాజ్యం చేతులే మందమని అందరూ కళ్లారా చూసినట్టవుతుంది. తను చేసే రిపేరే ఆమె మీద రెండో కాగితమవుతుంది.

టూలు మళ్లీ సంచిలో పెట్టాడు. డబ్బా లోపలి తీగలనూ టేపునూ ఫోన్లో ఫొటోలు తీసుకుని, మల్లేశ్వర్ గదిలోకి వెళ్లాడు.

"సార్, తప్పు లైన్ల ఉన్నది. మొదటి సంది ఉన్నది. వేసింది నేనే. స్వరాజ్యమక్క నిదానమైంది దీనితోనే. సోమవారం నేను రాసిచ్చింది తప్పు."

 మల్లేశ్వర్ లేచి తలుపు మూసి వచ్చాడు.

"సరే. దొరికింది గదా. చేసి పో."

"చేస్త సార్. మల్లొక రిపోర్టు రాస్త. పాతది తప్పని."

"రాయి. లైన్ లూజున్నది, ఇయ్యాల సరిచేసినం అని రాయి."

"లూజు గాదు సార్."

"వీరేందర్," అన్నాడు మల్లేశ్వర్. గొంతు పెంచలేదు. "నీ సంతకం కింద నా సంతకమున్నది. అది బొంబాయి వోయింది. దాని మీద ఆర్డరొచ్చింది. ఆమె పోయింది. ఇప్పుడు నువ్వొచ్చి తప్పంటె, నేను గుడ్డోన్ననా? మూడు నెలలు ఆమె జెప్పింది, నేను ఇనలేదు అని నేనే రాసుకోవాల్నా? నాకూ పిల్లలున్నరు."

 వీరేందర్ సామాను తీసుకుని, అప్పటికి చేసే ఉద్దేశం లేకపోయినా రేపొచ్చి చేస్తానని చెప్పి కిందికి దిగాడు. బండి తీయకముందే రాఘవేందర్ ఫోను వచ్చింది. మల్లేశ్వర్ అప్పుడే చెప్పినట్టుంది.

"నీ మీద నువ్వే కేసు రాసుకుంటవారా? ఎవడన్న చేస్తడా గిట్ల?" అని అరిచాడు రాఘవేందర్. "పొద్దుగాల పోయి గప్‌చుప్‌గ చేసి రా. కాయితం గీయితం అని ఏమన్న రాసినవనుకో, ఇగ షాపు మెట్లెక్కకు."

*

స్వరాజ్యం ఇల్లు పాల్మాకులలో, ఊరి చివరి సందులో. గేటు దగ్గరి సెక్యూరిటీ వాళ్లను అడిగి తెలుసుకుని వీరేందర్ వెళ్లేసరికి ఇంకా పొద్దు గుంకలేదు. వాకిట్లో గోనెపట్టా పరిచి ఆమె, ఆమె భర్త యాదయ్య ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో కొత్తిమీర కుప్ప. తెల్లారి శంషాబాద్ మార్కెట్టుకు పోవాల్సిన కట్టలు కడుతున్నారు.

"రా తమ్మీ," అంది ఆమె. ఎందుకొచ్చావని అడగలేదు. పీట చూపించింది.

వీరేందర్ కూర్చుని మాట కోసం వెతుక్కుంటూ ఆమె చేతులనే చూశాడు. పిడికెడు కొత్తిమీర తీసుకోవడం, వేళ్లు అరిచేతి మీద తట్టి వేర్లు సమానం చేయడం, నార చుట్టి ముడి బిగించడం. యాదయ్య ఒక కట్ట కట్టేలోపు ఆమెవి రెండు పడుతున్నాయి. ఆమె కళ్లు మాత్రం వీరేందర్ మీదే ఉన్నాయి.

"అక్కా, గా లైన్ చెడిపోయిందక్కా," అన్నాడు. ఇక ఆగకుండా అంతా చెప్పాడు. హాజరు మిషను సంగతి, తను పేర్చిన తీగల సంగతి, టెస్టర్‌కు ఆ తప్పు దొరకదన్న సంగతి.

చేతులు ఆగిపోయాయి.

"ఎప్పటి సంది?"

"నిన్ను ఆ సీట్ల కూసోబెట్టిన రోజు సంది."

యాదయ్య నార కింద పెట్టాడు. "మూడు నెలలు," అన్నాడు. "నరాల డాక్టరు కాడికి తీస్కపోయిన. కండ్లద్దాలు మార్పిచ్చిన. గోలీలు మింగుతున్నది ఇంక. ఆఫీసుల పారేసిన కీబోర్డొకటి తెచ్చుకోని, ఇంటికొచ్చినంక ఉత్తదాని మీద గంటసేపు టకటక కొట్టేది. చేతులు మొద్దువారినయి, జర అలవాటు చేస్తున్న అనేది. నేను గూడ వయసువడ్డది, ఇగ సాలియ్యి అన్న."

స్వరాజ్యం భర్త మాటలు విన్నట్టు లేదు. "సోమవారం నువ్వొచ్చినప్పుడు నీకేం కనవడలేదా?" అని అడిగింది.

వీరేందర్ తల దించుకున్నాడు. "కనవడ్డది. మూడుసార్లు చూసిన. ఒకసారి ఆరు, ఒకసారి పదకొండు, ఒకసారి నలభై ఎనిమిది వచ్చింది."

"ఏది రాసినవ్?"

"నలభై ఎనిమిది."

సందులో ఎవరో మేకలు తోలుకుపోతున్నారు.  తిడుతుందనుకున్నాడు వీరేందర్. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె మళ్లీ కొత్తిమీర అందుకుంది.

"ఆ సీట్ల ఇప్పుడెవలున్నరు?"

"సంతోషి అని, కొత్త పిల్ల."

"లైన్ చేసినవా?"

"లేదక్కా. చేస్తె సాక్ష్యం పోతది. ఎవలన్న పెద్దోళ్లొచ్చి చూసేదాంక గట్లనే ఉంచాలె. లేకుంటె ఆ పిల్ల మంచిగ కొడ్తది, నువ్వు కొట్టలేదు అన్నట్టయితది."

స్వరాజ్యం ముడి గట్టిగా బిగించింది. నార తెగింది. తెగిన ముక్క పక్కన పారేసి ఇంకొకటి తీసుకుంది.

"అంటె నా సాక్ష్యానికి ఆ పోరి మాటలు వడాల్నా? నాకైనట్టె దానికి గావాల్నా?" అంది. గొంతు మొదటిసారి లేచింది. "మూడు నెలలు నేను బాత్‌రూమ్‌ల వోయి ఏడ్చిన తమ్మీ. గా పిల్లకు ఒక్కరోజు గూడ వద్దు. పొద్దున పోంగనే చెయ్యి."

"చేస్తె ఇగ నిన్ను..."

"నన్ను పిలుస్తరని నువ్వొచ్చినవా? పిలువరు. పదేండ్ల సంది నాకెరుక ఆళ్లు." కట్టను కుప్ప మీద వేసింది. "చేసినంక రాయి. నువ్వు నీ కండ్లతోని చూసింది రాయి, చూడనిది రాయకు. బొంబాయి మెయిల్ అడ్రసు నా దగ్గరున్నది, ఇస్త. రేపు నేను గూడ పదకొండింటికి రావాలె, కార్డు అప్పజెప్పమన్నరు."

వీరేందర్ లేచాడు. ఆమె కూర్చున్నచోటు నుంచే, "ఆగు," అంది. "చేతులది గాదు, లైన్‌దే అని మల్లొకసారి చెప్పు. ఈయనకు జర చెవుడు, ఇనవడేటట్టు చెప్పు."

యాదయ్యకు చెవుడేమీ లేదు. వీరేందర్ మళ్లీ చెప్పాడు. గట్టిగా చెప్పాడు. యాదయ్య కొత్తిమీర ఆకు ఒకటి నలుపుతూ వింటూ కూర్చున్నాడు.

*

గురువారం పొద్దున వాన మొదలైంది. రేకుల మీద మోతకు ఆఫీసులో అందరూ కొంచెం గట్టిగా మాట్లాడుతున్నారు.

వీరేందర్ మొదట స్విచ్ గదిలోని కొస కోశాడు. పైతొక్క అంగుళం వలిచి, పురి విప్పి, ఎనిమిది తీగలనూ బొటనవేలి గోటితో సాఫుచేశాడు. నారింజ జంట పక్కన ఆకుపచ్చలో ఒకటి, తర్వాత నీలం రెండూ, మళ్లీ ఆకుపచ్చలో రెండోది, చివర గోధుమరంగు జంట. కత్తిరించి, కనెక్టరులోకి తోసి, తీగల కొసలు దాని గాజులాంటి ప్లాస్టిక్‌లోంచి కనబడేదాకా వెలుగుకు పట్టి చూసి, నొక్కాడు. తర్వాత మూలకు వచ్చి, సంతోషిని లేపి, ఆమె చూస్తుండగానే గోడ డబ్బాలోని కొస కూడా అలాగే చేశాడు. చేస్తూ జరిగిందంతా ఆ పిల్లకు చెప్పాడు. 

స్పీడు మూడుసార్లు చూశాడు. తొంభై నాలుగు, తొంభై నాలుగు, తొంభై మూడు.

సంతోషి కూర్చుని ఒక బిల్లు కొట్టింది. తెర ఆమెతోపాటే కదిలింది. నమ్మలేనట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంకొకటి కొట్టింది. పదకొండయ్యేసరికి టీవీలో ఆమె పేరు ఎరుపులోంచి ఆకుపచ్చలోకి మారింది. పావుగంట గడిచాక మల్లేశ్వర్ గది బయటికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని టీవీ చూశాడు.

"చూసిన్రా?" అన్నాడు అందరికీ వినబడేలా. "నేను మొదటి సంది అంటనే ఉన్న. వయసు. గా చేతులకు ఈ చేతులకు ఫరకు లేదా?"

"సార్," అన్నాడు వీరేందర్ లేచి నిలబడి. "ఫరకు చేతులది గాదు. నేను వేసిన లైన్ తప్పు. ఇప్పుడే సరిచేసిన."

పన్నెండు తలలు ఇటు తిరిగాయి. మల్లేశ్వర్ నవ్వాడు. "ఏది, తప్పేడున్నది? చూపియ్యి. లైన్ మంచిగనే ఉన్నది గదా."

ఆ నవ్వు ముఖం మీద ఉండగానే ఆయన చూపు తలుపు దగ్గర ఆగింది. స్వరాజ్యం నిలబడి ఉంది. తడిసిన గొడుగు బయట పెట్టి, గుర్తింపు కార్డు చేతిలో పట్టుకుని ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. నేరుగా మూలకు నడిచి వచ్చింది.

"జర లే బిడ్డా," అంది.

సంతోషి లేచింది. స్వరాజ్యం కూర్చుని కొంగుతో చేతుల తడి తుడుచుకుంది. ట్రేలో పైన ఉన్న కాగితం తీసి పక్కన నిలబెట్టుకుంది. మందుల సరుకు, పదిహేను రకాలు, రెండు పేజీల బిల్లు.

"ఏందిది? ఆమె ఇప్పుడు స్టాఫ్ గాదు," అన్నాడు మల్లేశ్వర్. కాని అక్కడినుంచి కదల్లేదు.

ఆమె కొట్టడం మొదలుపెట్టింది. తెర వైపు ఒక్కసారి కూడా చూడలేదు. వేళ్ల చప్పుడు వానలో కలిసిపోయింది గాని, తెర మీద వరసలు పడిపోతూ ఉండడం అందరికీ కనబడింది. ఒక గడి నిండి ఇంకో గడి, ఒక పేజీ నిండి ఇంకో పేజీ. చేతులు ఎక్కడా గాలిలో ఆగలేదు. పక్క సీట్లలో కొట్టడం ఆగిపోయింది. చివరి గడి దాటి ఆమె ఎంటర్ నొక్కేసరికి, మూడు నిమిషాలు కూడా కాలేదు. సంతోషి గోడ గడియారం వైపు చూసి, మళ్లీ ఆమె చేతుల వైపు చూసింది.

అప్పుడు స్వరాజ్యం తల ఎత్తి తెర చూసింది. మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదువుకుంది. లేచి, కార్డు తీసుకెళ్లి మల్లేశ్వర్ చేతిలో పెట్టింది.

"వస్త సార్," అని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయింది.

 మల్లేశ్వర్ కార్డు జేబులో వేసుకున్నాడు. దానికి కట్టిన తాడు బయటికి వేలాడుతోంది.

"సంతోషీ, ఆ ఎంట్రీ తీసెయ్యి. స్టాఫ్ గానోళ్లు కొట్టింది పనికిరాదు. నువ్వు మల్ల కొట్టు."

"దాంట్ల తప్పులేం లేవు సార్," అంది సంతోషి. 

"తీసెయ్యన్న గదా."

ఆ పిల్ల వీరేందర్ వైపు చూసింది.  ఆమె కూర్చుని తీసేసింది. రెండు పేజీలూ ఒక్క క్షణంలో ఖాళీ అయ్యాయి. పక్కన నిలబెట్టి ఉన్న అదే కాగితాన్ని చూసి మొదటి గడి నుంచి కొట్టడం మొదలుపెట్టింది. మల్లేశ్వర్ ఆమె కొట్టేది ఆగి చూడలేదు. గదిలోకి వెళ్లి తలుపు మూసుకున్నాడు.

వీరేందర్ సంచి భుజానికి వేసుకుని దిగాడు. గోదాము గేటు పక్కన, సెక్యూరిటీ వాళ్ల రేకు కింద స్వరాజ్యం ఆటో కోసం నిలబడి ఉంది. అతను దగ్గరికి వచ్చేదాకా రోడ్డు వైపే చూసి, తర్వాత తల తిప్పింది.

"ఉంచిన్రా, తీసేసిన్రా?"

"తీసేసిన్రక్కా. మల్ల కొట్టమన్నరు."

"తప్పులున్నయన్నడా?"

"లేదు. తప్పుల్లేవని సంతోషి చెప్పింది. అయినా తీసేపిచ్చిండు."

ఆమె తల ఊపింది. వీరేందర్ చేతిలో ఫోను ఉంది. పొద్దున రాసుకున్న రిపోర్టు అందులో సగంలో ఆగి ఉంది. లైను వేసింది నేనే అని, సోమవారం మూడు అంకెలొస్తే ఒక్కటే రాశానని, ఇప్పుడు బాగుచేస్తే ఎంతొచ్చిందో, అంతవరకు ఉంది. ఫొటోలు పెట్టాడు. రాఘవేందర్ నుంచి అప్పటికే రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

"ఇది గూడ రాయి," అంది స్వరాజ్యం.

రేకు మీంచి కారుతున్న నీళ్లు తగలకుండా వీరేందర్ గోడకు ఆనుకుని నిలబడి, బొటనవేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాయడం మొదలుపెట్టాడు. ఆమె పక్కకు జరిగి, ప్రతి మాటా పడుతుండగా చదువుతూ నిలబడింది. ఒక ఆటో వచ్చి ఆగింది. పొమ్మని చెయ్యి ఊపింది. రాయడం అయ్యాక బొంబాయి అడ్రసు ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. అతను ఒకటి తప్పు కొడితే దిద్దించింది.

"టైమేసినవా?"

"ఏ టైమక్కా?"

"నేను కొట్టిన టైము. పదకొండు పదిహేడుకు మొదలువెట్టిన, పదకొండు ఇరవైకి ముందే అయింది. ఎయ్యి."

వేశాడు.

"ఇగ పంపు," అంది.